ఆకు సరే, పువ్వు నేరం

రండి, ఆ కుర్చీ ఇటు లాక్కుని కూచోండి. డిసెంబరు వచ్చిందంటే మా ఖరగ్‌పూర్లో సాయంత్రం ఐదింటికే చీకటి పడిపోతుంది. అల్లం టీ మరుగుతోంది. కబుర్లకి ఇంతకన్నా మంచి వేళ దొరకదు. ఇవాళ ఎత్తుకునే సంగతి మాత్రం ఇళ్ళల్లో ఎవరూ ఎత్తనిది. పిల్లల ముందు పెద్దవాళ్ళు ఎత్తరు, పెద్దవాళ్ళ ముందు పిల్లలు ఎత్తరు. గంజాయి మొక్క సంగతి. అలా ఎత్తకుండా దాటేయడం వల్లనే చాలామంది పిల్లలు చిక్కుల్లో పడుతున్నారని నా గట్టి నమ్మకం. అందుకని గుసగుసలు మానేసి, పదిమందీ వినేలా మాట్లాడుకుందాం.

తెలియనివాళ్ళ కోసం ముందు మా ఊరి గురించి రెండు ముక్కలు. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ పుట్టింది. ఆ కంపెనీ ఇక్కడ జంక్షనూ వర్క్‌షాపూ కట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు మూటాముల్లే సర్దుకుని వచ్చేశారు. 1928లో ఆ రైల్వే కార్మికులు సమ్మె కట్టినప్పుడు ముందు నిలబడింది మన వి.వి. గిరిగారు. నిమ్‌పురాలో, మథురాకటిలో, ఓల్డ్ సెటిల్‌మెంట్లో నడిచి చూడండి, ఇప్పటికీ మన తెలుగే చెవిన పడుతుంది. ఏటేటా మాతాపూజ చేసుకుంటాం. 2020 డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చినప్పుడు అందరూ మా ఊరి పేరే చెప్పుకున్నారు. ఇక ఊరికి రెండో ముఖం ఐఐటీ. స్వాతంత్ర్య యోధుల్ని బంధించిన హిజ్లీ శిబిరం భవనంలో 1951లో మొదలైన చదువు అది. ఏటా మన రెండు రాష్ట్రాల నుంచీ కుర్రాళ్ళు, అమ్మాయిలు పెట్టెలు మోసుకుంటూ ఖరగ్‌పూర్లో దిగుతారు. ఇవాళ నా మాటలు ముఖ్యంగా వాళ్ళని కన్నవాళ్ళకీ, వాళ్ళకీను.

దసరా నాడు మనం జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి దణ్ణం పెడతాం కదా. బెంగాలీల పాత ఇళ్ళల్లో ఆ సాయంత్రం ఇంకో ఆకు కూడా ఉంటుంది. అమ్మవారిని నిమజ్జనం చేసి వచ్చాక మగవాళ్ళు ఒకరినొకరు కావలించుకుంటారు, చిన్నవాళ్ళు పెద్దల కాళ్ళకి మొక్కుతారు, కొబ్బరి ఉండలూ నిమ్కీలూ పంచుకుంటారు. వాటి పక్కనే చిన్న గిన్నెలో సిద్ధి షర్బతు. సిద్ధి అన్నా భంగు అన్నా ఒకటే, గంజాయి మొక్క ఆకు నూరి పాలలో కలిపింది. మేం రైల్వే క్వార్టర్లో ఉన్న రోజుల్లో పక్కింటి బెంగాలీ పిన్నిగారు, మేం మాసీమా అని పిలిచే ఆవిడ, దాన్ని చేస్తుంటే గడప దగ్గర నిలబడి చూసేదాన్ని. ఎండిన ఆకుని నానబెట్టి, పచ్చటి నీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా కడిగేది. సన్నికల్లు మీద మిరియాలూ సోంపూ బాదంపప్పూ చేర్చి వెన్నలా నూరేది. పల్చటి గుడ్డలో పాలతో పిండి, పంచదార కలిపేది. ఆ ఇంట్లో దానికో కట్టడి ఉండేది. పెళ్ళయిన పెద్దవాళ్ళకి సగం గిన్నె, అంతే. పిల్లలకి ఒక్క చుక్క కూడా లేదు. రెండో గిన్నె అడిగిన అల్లుడికి సైతం ఆమె చేతులు జోడించేసేది. తాగినవాళ్ళు ఆ రాత్రి గడప దాటకూడదు. ఏడాదికి ఒక్కసారి, ఒక్క తిథికి, ఇంటిపెద్ద కళ్ళ ముందు.

ఇది నేరమా అని మీరు అడుగుతారు. కాదు. ఇక్కడే అసలు కీలకం ఉంది, కాస్త నెమ్మదిగా వినండి.

మాదకద్రవ్యాల చట్టం, అదే అందరూ ఎన్‌డీపీఎస్ అనే చట్టం, 1985 నవంబరు 14 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ చట్టం గంజాయి అంటే ఏమిటో రాసుకుంది. మొక్క కొసన వచ్చే పూత, కాయ ఉన్న భాగం గంజాయి. మొక్క నుంచి తీసిన జిగురు చరస్. ఆ పూత అంటకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ మాత్రం ఈ నిర్వచనంలోకి రావు. ఒకే మొక్క, ఒకే కాండం. కొస తుంచితే జైలు, కింది ఆకు కోస్తే ఆ చట్టం పట్టించుకోదు. 1961లో ప్రపంచ దేశాలు కలిసి మాదకద్రవ్యాల ఒప్పందం రాసుకున్నప్పుడే ఆకునీ గింజనీ పక్కకి పెట్టారు. మన పండగల్లో ఆకు అంతగా అల్లుకుపోయింది మరి.

అయితే ఆకు పూర్తిగా స్వేచ్ఛగా తిరుగుతోందని అనుకోకండి. దాన్ని రాష్ట్రాల ఎక్సైజు చట్టాలు చూసుకుంటాయి. బెంగాల్లో 1909 నాటి ఎక్సైజు చట్టం ఉంది. ఆకుని అమ్మాలంటే లైసెన్సు కావాలి. రాజస్థాన్‌లోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ ప్రభుత్వం లైసెన్సు ఇచ్చిన భంగు దుకాణాలు బోర్డు కట్టుకుని నడుస్తాయి. జైసల్మేరుకో కాశీకో వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. మాకు ఒక రాత్రి ప్రయాణంలో ఉన్న పూరీలో కూడా అలాంటి దుకాణాలు ఉన్నాయి. అస్సాం మాత్రం 1958లోనే గంజాయినీ భంగునీ కలిపి నిషేధించింది. 2022 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు ముందుకి ఒక కేసు వచ్చింది, బీహారు మనిషి దగ్గర 29 కిలోల భంగు పట్టుకున్నారు. భంగు ఎన్‌డీపీఎస్ చట్టం కింద నిషిద్ధ పదార్థమని చూపించే ఆధారం ఏదని కోర్టు అడిగి, బెయిలు ఇచ్చింది. అంతవరకూ ఆయన జైల్లో ఉన్నాడన్నది మర్చిపోవద్దు. గీత ఎక్కడుందో పోలీసు స్టేషన్లోనే అందరికీ తెలియనప్పుడు పద్దెనిమిదేళ్ళ పిల్లాడికి ఎలా తెలుస్తుంది చెప్పండి!

ఇంకో మాట చెబితే మీలో కొందరు నమ్మరు. గంజాయి పువ్వుని కూడా ఒకప్పుడు సర్కారే అమ్మించేది. అమెరికాలో ఇప్పుడు కొత్తగా తెరుస్తున్నారని మనం వింతగా చెప్పుకునే గంజాయి కొట్లు బెంగాల్‌కి కొత్తేం కావు. లైసెన్సు, తూకం, పన్ను, అన్నీ ఉండేవి. దాని సాగంతా రాజ్‌షాహీ జిల్లా నౌగాఁవ్ చుట్టుపక్కల జరిగేది. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. ఆ సాగులో ఒక అద్భుతమైన పనితనం ఉంది, వినండి. మగమొక్క ఉంటే ఆడమొక్క గింజ కట్టేస్తుంది, గింజ కడితే సరుకు పనికిరాదు. అందుకని పొద్దార్ అనే నిపుణుడు పొలమంతా తిరిగి, ఇంకా పూతకి రాని మగమొక్కల్ని కనిపెట్టి పీకించేవాడు. ఊరంతా అతని కంటి మీదే ఆధారపడేది. పండిన సరుకంతా సర్కారు గిడ్డంగికి చేరాలి, సుంకం కట్టాకే బయటికి రావాలి. 1917లో అక్కడి రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. ఆ లాభాలతో బళ్ళు, వైద్యశాలలు నడిపారు.

అంతకుముందే ఇంగ్లండు పార్లమెంటులో దీనిమీద గొడవ లేచింది. 1893 మార్చిలో విలియం కెయిన్ అనే సభ్యుడు, మద్యం అంటే గిట్టని మనిషి, బెంగాల్లో గంజాయి వల్ల జనం చెడిపోతున్నారేమో విచారించమని అడిగాడు. దాంతో ఏడుగురితో ఒక కమిషన్ వేశారు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షుడు. ముగ్గురు మనవాళ్ళు, అందులో బెంగాల్ తాహిర్‌పూర్ రాజా శశిశేఖరేశ్వర్ రాయ్ ఒకరు. ఊళ్ళూ పట్నాలూ తిరిగి 1,193 మంది సాక్ష్యం తీసుకున్నారు. డాక్టర్లు, రైతులు, సాధువులు, మిషనరీలు, కలెక్టర్లు, ఎవర్నీ వదల్లేదు. పిచ్చాసుపత్రుల రికార్డులు తిరగేశారు. అక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ‘గంజాయి వల్ల పిచ్చి’ అని రాసున్న చోట ఆ మాట ఎవరు రాశారని వెనక్కి తవ్వుకుంటూ పోతే, చాలా చోట్ల డాక్టరు పరీక్షించి రాసిందే కాదు. మనిషిని తెచ్చి అప్పజెప్పిన పోలీసుల కాగితంలోది యథాతథంగా ఎక్కించేశారు. 1894లో ఏడు సంపుటాల నివేదిక వచ్చింది. మితంగా వాడినవాళ్ళకి చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడినవాళ్ళకి ఉంది, నిషేధం అక్కర్లేదు, పన్ను వేసి అదుపులో పెట్టండి అని తేల్చారు. వాళ్ళ ఖజానాకి అదే లాభమని మీరంటే కాదనను. కానీ అంతమందిని కూర్చోబెట్టి అడిగిన ఓపికకి మాత్రం నేను గౌరవం ఇస్తాను. 1985 చట్టానికి ముందు అలాంటి విచారణ మన దేశంలో జరిగి ఉంటే ఎంత బాగుండేది!

ఆ కమిషన్ కంటే ఇంకా వెనక్కి వెళ్తే, కలకత్తా వైద్య కళాశాలలో ఓషానెసీ అనే ఐర్లండు డాక్టరు ఉండేవాడు. 1839లో గంజాయి మీద పెద్ద వ్యాసం రాసి, ధనుర్వాతం పట్టినవాళ్ళకీ కీళ్ళవాతం వాళ్ళకీ మూర్ఛ వచ్చిన పసిపాపకీ తానిచ్చిన మందుల ఫలితాలు వివరించాడు. ముందు జంతువుల మీద చూసి తర్వాతే మనుషులకి ఇచ్చాడు. పాశ్చాత్య వైద్యానికి ఈ మొక్కని పరిచయం చేసింది ఆయనే. రైల్వేవాళ్ళం కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి, మన దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించిన మహానుభావుడూ ఆయనే! కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కి మొదటి లైను ఆయన చేతి పనే.

సరే, మళ్ళీ ఐఐటీ పిల్లల దగ్గరికి వద్దాం.

హోలీ వస్తుంది. ఒంగోలు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన పిల్లాడు మొదటిసారి ఒక చోట భంగు కలిపిన ఠండాయి గ్లాసు అందుకుంటాడు. ‘ఏమీ లేదురా, పాలే’ అని ఎవరో అంటారు. తాగుతాడు. పావుగంట గడుస్తుంది, అరగంట గడుస్తుంది, ఏమీ అవదు. ఇదేదో ఉత్తిదే అనుకుని రెండోది, మూడోది లాగించేస్తాడు. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. పొగ పీలిస్తే నిమిషాల్లో తలకెక్కేది, కడుపులోకి తీసుకుంటే గంటకి గానీ, ఒక్కోసారి రెండు గంటలకి గానీ తెలియదు. పైగా కడుపు నుంచి కాలేయానికి వెళ్ళి అక్కడ ఇంకో రూపానికి మారుతుంది, ఆ రూపం మరింత గట్టిది. పాలలో వెన్న ఉంటుంది, ఈ మత్తు కొవ్వులో బాగా కరుగుతుంది. అంటే మూడు గ్లాసులూ కలిసి ఒకేసారి మీద పడతాయి. గుండె దడదడలాడుతుంది, నోరు పిడచకట్టుకుపోతుంది, కాలం ఆగిపోయినట్టుంటుంది, చచ్చిపోతున్నానన్న భయం పట్టుకుంటుంది. ఇది గంటలకొద్దీ సాగుతుంది. మాసీమా రెండో గిన్నె ఎందుకు ఇవ్వలేదో ఆ పిల్లాడికి ఎవరూ చెప్పలేదు. ఆమె సైన్సు చదవలేదు, కానీ ఈ ఆలస్యం సంగతి ఆమెకి తరతరాల నుంచీ తెలుసు.

పిల్లలూ, మీకు ఒక్క విన్నపం. మీ స్నేహితుడికి ఇలా అయితే వాణ్ణి ఒంటరిగా వదలకండి. సైకిలు ఎక్కనివ్వకండి, చెరువు దగ్గరికి పోనివ్వకండి. చీకటిగా, చప్పుడు లేని గదిలో పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నీళ్ళు కొద్దికొద్దిగా పట్టండి, తగ్గిపోతుందని చెబుతూ ఉండండి. గుండెనొప్పి అన్నా, లేపినా లేవకపోయినా క్యాంపస్‌లోని బి.సి. రాయ్ ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి. ఏం తాగాడో డాక్టరుకి నిజం చెప్పండి. భంగులో ఉమ్మెత్త కలిపేవాళ్ళు పూర్వం నుంచీ ఉన్నారు. ఉమ్మెత్త విషం, ప్రాణం తీస్తుంది. డాక్టరుకి నిజం తెలియకపోతే మందు ఎలా ఇస్తాడు? పోలీసు వస్తాడేమోనన్న భయంతో గదిలో దాచిపెట్టి ఆలస్యం చేయడం కంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు.

హైదరాబాద్ చుట్టుపక్కల 2024లో గంజాయి చాక్లెట్లు పట్టుకున్నారని పేపర్లలో చదివే ఉంటారు, బడిపిల్లల చేతుల్లోకి కూడా వెళ్ళాయి. రంగు కాగితం చుట్టి, ఆయుర్వేదం అని రాసి అమ్మేస్తారు. అందులో ఎంతుందో, ఏ భాగముందో, ఇంకేం కలిపారో తినేవాడికి తెలిసే దారే లేదు. లైసెన్సు దుకాణాన్ని నేను అందుకే సమర్థిస్తాను. ఆకు అమ్మాల్సిందే అయితే సర్కారు ముద్ర ఉన్న పొట్లంలో, బలం ఎంతో రాసి, 21 ఏళ్ళు దాటినవాళ్ళకే, వయసు కాగితం చూసి అమ్మాలి. పువ్వు సంగతి వేరు. దాన్ని రేపే తెరిచేయమని నేను అడగను. పాతికేళ్ళ లోపు మెదడు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, రోజూ పీల్చే పిల్లలు చదువులో, జ్ఞాపకంలో ఎలా వెనకబడతారో అధ్యాపకుల్ని అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు అమెరికా. మా దగ్గరి బంధువుల అబ్బాయి ఒహైయో రాష్ట్రం కొలంబస్‌లో చదువుతున్నాడు. అది కూడా కాలేజీ పిల్లలతో నిండిన పెద్ద ఊరే. అక్కడ 2023 నవంబరులో జనం ఓటు వేసి గంజాయిని చట్టబద్ధం చేశారు, 2024 ఆగస్టులో అమ్మకాలు మొదలయ్యాయి. వాడు ఫోన్ చేసి, ‘అత్తా, ఇక్కడ గంజాయి కొట్టు మన గోల్‌బజార్లో నగల కొట్టులా ఉందే’ అన్నాడు. గుమ్మంలో గుర్తింపు కార్డు చూస్తారట, 21 నిండకపోతే లోపలికే రానివ్వరు. అద్దాల కింద వరసలు, ఒక్కో సరుకు ముందు దాని బలం రాసి ఉంటుంది. నమిలే బిళ్ళల్లో ఒక్కో ముక్కకి 5 మిల్లీగ్రాములో 10 మిల్లీగ్రాములో లెక్క. ఎంత తీసుకోవాలో కౌంటరు దగ్గర ఓపిగ్గా చెబుతారు. ఎక్కువ చోట్ల డబ్బు నోట్లలోనే ఇవ్వాలి. ఎందుకంటే దేశం మొత్తానికి వర్తించే చట్టం దాన్ని ఒప్పుకోలేదు కాబట్టి పెద్ద బ్యాంకులూ కార్డు కంపెనీలూ ఆ వ్యాపారానికి దూరంగా ఉంటాయి.

‘రసీదు కూడా ఇస్తారు అత్తా, వెళ్తే తప్పేంటి’ అన్నాడు వాడు. తప్పేంటో చెప్పాను, మీకూ చెబుతాను, ఎందుకంటే మీ పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఉంటారు. రాష్ట్రం ఒప్పుకున్నా, వీసాలూ గ్రీన్‌కార్డులూ పౌరసత్వాలూ చూసేది కేంద్రం. 1970 నాటి వాళ్ళ కేంద్ర చట్టంలో గంజాయి నియంత్రిత పదార్థం. విదేశీయుడు తాను వాడానని విమానాశ్రయంలోనో కాన్సులేట్‌లోనో ఒప్పుకుంటే, శిక్ష ఏదీ పడకపోయినా దేశంలోకి రానివ్వకపోవచ్చు. సరిహద్దు అధికారులు ఫోన్ తెరిపించి చూడగలరు. ఆ కొట్టు ముందు నవ్వుతూ దిగిన ఫోటో అందులో ఉంటే? 2019 ఏప్రిల్లో వాళ్ళ పౌరసత్వ శాఖ ఇంకా స్పష్టంగా రాసింది: రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి వాడకం, ఆ వ్యాపారంలో ఉద్యోగం పౌరసత్వానికి అడ్డం రావచ్చని. అమెరికా కుర్రాడు కొనుక్కుంటే అది వాడి సరదా, వాడి పక్కనే కూచున్న మన కుర్రాడు కొనుక్కుంటే అమ్మానాన్నలు అప్పు చేసి కట్టిన ఫీజులన్నీ పణంగా పెట్టినట్టు. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి దేశమంతా చట్టబద్ధమే, కానీ దాన్ని జేబులో పెట్టుకుని సరిహద్దు దాటితే నేరం. బ్యాంకాక్ నుంచి తెస్తూ శంషాబాద్‌లో పట్టుబడుతున్నవాళ్ళ వార్తలు సరేసరి. అక్కడ దొరికింది కదా అని ఇక్కడికి తెస్తే ఇక్కడి చట్టమే పట్టుకుంటుంది.

వాడు వెళ్ళలేదు. నా మాట మీద గౌరవంతోనో భయంతోనో తెలియదు గానీ, ఈ వివరం మరెవరూ తనకి చెప్పలేదన్నాడు. వాడితోపాటు విమానం ఎక్కిన పిల్లలందరికీ అంతే కదా. వెళ్ళే ముందు ఆవకాయ జాడీ కట్టడానికి పట్టిన శ్రద్ధలో కొంచెం దీనికీ పెట్టమని తల్లుల్ని బతిమాలుతున్నాను.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే సంగతి ఇంకా మిగిలే ఉంది. అది మన రైలు మీదే జరుగుతోంది.

విశాఖ మన్యంలో, ఒడిశాలో మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల్లో శీలావతి రకం గంజాయి పండుతుంది. ఆంధ్రా పోలీసులు 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. గిరిజనులకి కాఫీ, రాజ్మా, పసుపు లాంటి పంటలు అలవాటు చేసే ప్రయత్నాలు జరుగుతున్నాయి. అవి నిలబడాలి, వాటికి గిట్టుబాటు ధర రావాలి. 2024లో ఆంధ్రాలో ఈగల్ అనే ప్రత్యేక దళం పెట్టి 1972 నంబరు ఇచ్చారు. ఇదంతా మంచిదే. అయినా కొండ మీద మిగిలిన సరుకు ఎలా కదులుతుందంటే, సంచుల్లో. కోరమాండల్, ఫలక్‌నుమా, ఈస్ట్‌కోస్ట్, అన్నీ మా స్టేషను మీదుగానే పోతాయి. 2019 నుంచి రైల్వే రక్షక దళానికి కూడా ఈ చట్టం కింద సోదా చేసే, అరెస్టు చేసే అధికారం వచ్చింది. ప్లాట్‌ఫారం మీద బ్యాగు తెరిపిస్తారు. ఆ బ్యాగు పట్టుకున్నవాడి మొహం చూడండి ఒకసారి. ఇరవై ఏళ్ళు ఉండవు. కాళ్ళకి సరైన చెప్పులుండవు. ఎవరో కొన్ని వేలు ఇస్తానని చెప్పి చేతికిచ్చిన సంచి అది. దాని సొంతదారు ఆ బండిలోనే ఉండడు.

చట్టంలో తూకం లెక్క వినండి. గంజాయి 1 కిలో వరకూ తక్కువ పరిమాణం, ఏడాది వరకూ జైలు పడొచ్చు. 1 కిలో దాటితే పదేళ్ళ వరకూ. 20 కిలోలు దాటిందా, వాణిజ్య పరిమాణం కింద లెక్క. తక్కువలో తక్కువ పదేళ్ళు, ఇరవై దాకా వెళ్ళొచ్చు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. బెయిలు కూడా మహా కష్టం. నేరం చేయలేదని నమ్మే కారణాలున్నాయని జడ్జికి అనిపిస్తేనే ఇస్తారు. ఒక సూట్‌కేసూ ఒక వీపు సంచీ నిండితే 20 కిలోలు దాటిపోతాయి. ఇంత సరుకు దగ్గర డబ్బు పెట్టినవాడికీ, మోసినవాడికీ శిక్షలో ఈ చట్టం తేడా చూపదు. పట్టుబడేది మాత్రం మోసినవాడే. కూలి కోసం మోసిన కుర్రాడికి, మొదటిసారి దొరికినవాడికి, పార్లమెంటు వేరే గీత గీయాలని నేను నమ్ముతున్నాను. ఇరవై ఏళ్ళవాడు ముప్పై దాటాక బయటికొచ్చి ఏం పని చేసుకుంటాడు? వాడి తల్లి ఒడియాలోనో తెలుగులోనో రాసిన కాగితం పట్టుకుని, బెంగాలీ మాట్లాడే కోర్టు వరండాలో ఎన్ని వాయిదాలు నిలబడుతుంది? అలాంటి తల్లులు ఎవరైనా మీకు తారసపడితే, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా వకీలుని ఇస్తారని చెప్పండి. అడగడం వాళ్ళ హక్కు.

గింజల మాట మర్చిపోయాను. 2021 నవంబరు నుంచి మన ఆహార ప్రమాణాల సంస్థ గంజాయి మొక్క గింజల్నీ వాటి నూనెనీ పిండినీ ఆహారంగా ఒప్పుకుంది. ఆ గింజల్లో మత్తు ఉండదు. ఉత్తరాఖండ్ నార కోసం సాగుకి లైసెన్సులిచ్చింది. అది వేరే వ్యాపారం, దాంతో మనకి పేచీ లేదు.

ఇక ఇంట్లోనే ఎవరైనా అలవాటు పడిపోతే? కొట్టకండి, గదిలో పెట్టి తాళం వేయకండి, బంధువుల ముందు పరువు గురించి ఏడవకండి. ఈ చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. అలవాటు పడినవాడు తనంతట తానే గుర్తింపు ఉన్న చికిత్సా కేంద్రంలో చేరి వైద్యం పూర్తిచేస్తే, తాను వాడినందుకూ తక్కువ పరిమాణం దగ్గర ఉంచుకున్నందుకూ కేసు నడపరు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. కేంద్ర ప్రభుత్వం వారి 14446 నంబరుకి దేశంలో ఎక్కడి నుంచైనా డబ్బు కట్టకుండా ఫోన్ చేయవచ్చు, దగ్గర్లోని కేంద్రం ఎక్కడుందో చెబుతారు. ఆ నంబరు గోడ మీద క్యాలెండరు పక్కన రాసిపెట్టండి, గ్యాసు బుకింగు నంబరు రాసుకున్నట్టే. పిల్లలు ఎదురుగా ఉన్నప్పుడే రాయండి.